నాలుగు డాలర్ల బేరం

మేం మోటర్‌హోమ్ కొన్నది షికార్ల మీద మోజుతో కాదు, పోపు వాసన వల్ల. డెబ్భై ఎనిమిది ఎండాకాలంలో నయాగరా చూద్దామని బయల్దేరి, దారిలో ఒక మోటెల్లో దిగాం. నేను వెంట తీసుకెళ్లిన హాట్‌ప్లేటు మీద పప్పుకి పోపు పెట్టాను. ఎండుమిరపకాయల ఘాటుకి అలారం మోగి, పక్క గదుల వాళ్లంతా దగ్గుకుంటూ బయటికొచ్చారు. మోటెల్ యజమాని తిట్టలేదు. ఇంకెప్పుడూ రావద్దని మాత్రం చాలా మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాదకే మా ఆయన ముఖం కందిపోయింది. నెల తిరక్కుండా పేపర్లో ప్రకటన చూసి, రిటైరైన దంపతులెవరో పదేళ్లు వాడిన మోటర్‌హోమ్‌ని కొనుక్కొచ్చాడు. గోధుమరంగు చారల బండి. లోపల రెండు పొయ్యిల స్టవ్వు, చిన్న ఫ్రిజ్, మా ఇద్దరికీ అమ్మాయికీ సరిపోయే పడక. ఇక మా పోపు మా ఇష్టం.

అప్పటికి మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. మా ఆయన ఇంజనీరు. అమ్మాయికి ఐదేళ్లు. డబ్బుకి అల్లాడే సంసారం కాదు మాది, ఇది ముందే చెప్పేస్తున్నాను. పొదుపుగా ఉండేవాళ్లం, అంతే. పెరుగు డబ్బాలు కడిగి దాచుకోవడం, పాత చీరలు మెత్తబడేదాకా కట్టడం నాకు అలవాటు. అది లేమి కాదు, పెంపకం.

మోటర్‌హోమ్ ఉంటే చాలదు, రాత్రికి దాన్ని నిలపడానికి చోటు కావాలి. కరెంటు తీగ తగిలించుకోవాలి, నీళ్లు పట్టుకోవాలి, లోపల చేరిన మురుగు వదలడానికి ట్యాంకు ఉండాలి. వీటన్నిటికీ కలిపి రాత్రికింత అని తీసుకుంటారు. పెన్సిల్వేనియా కొండల్లో ఒక వాగు పక్కన మాకు చిన్న క్యాంప్‌గ్రౌండ్ దొరికింది. ఇరవై బళ్లకి చోటు. నడిపేది అరవై దాటిన ఒక పెద్దావిడ. భర్త పోయాక ఒక్కతే చూసుకుంటోంది. రబ్బరు బూట్లు వేసుకుని, జుట్టులో పెన్సిలు దోపుకుని, పొద్దస్తమానం ఏదో ఒకటి బాగుచేస్తూ ఉండేది. ఆమె ఇంటి ముందు గదే ఆఫీసు. గుమ్మం పక్కన నల్లబల్ల మీద రాత్రికి నాలుగు డాలర్లు అని రాసి ఉంది. మొదటి ఏడాది ఆ నాలుగూ నోరెత్తకుండా ఇచ్చాం.

మరుసటి ఏడు వెళ్లేసరికి నాలుగు చెరిపి ఐదు రాసి ఉంది. చెరిపిన నాలుగు ఇంకా మసగ్గా కనపడుతోంది. దాన్ని చూడగానే నా ప్రాణం లేచి వచ్చింది.

ఎందుకో చెప్పాలి. నేను బెజవాడ మార్కెట్లో మా అమ్మ కొంగు పట్టుకుని బేరం నేర్చుకున్నదాన్ని. వంకాయ చేతిలోకి తీసుకోవాలి, పెదవి విరిచి కింద పెట్టెయ్యాలి. ధర వినగానే గుండె ఆగినట్టు చూడాలి. "ఇలా పెంచేస్తే మాలాంటి వాళ్లం ఏం తిని బతకాలమ్మా, పిల్లలు గలవాళ్లం" అనాలి. అమ్మేదేం తక్కువ తినలేదు, తన మొగుడికి జబ్బనీ, పిల్లకి పుస్తకాల్లేవనీ అందుకుంటుంది. నాలుగడుగులు వెళ్లిపోవాలి, వెనక్కి పిలిపించుకోవాలి. చివరికి ఇద్దరికీ నచ్చిన ధర కుదురుతుంది, పైన కొసరుగా రెండు పచ్చిమిరపకాయలో కరివేపాకు రెబ్బో పడుతుంది. ఆమె ఏడుపు నేను నమ్మను, నా ఏడుపు ఆమె నమ్మదు. అందులో అబద్ధం ఉందని ఇద్దరిలో ఎవరికీ తోచదు. అలాంటిదాన్ని అమెరికా వచ్చి ఐదారేళ్లుగా నోరు కట్టేసుకుని బతుకుతున్నాను. ఇక్కడ బెండకాయ మీద కూడా చీటీ అంటించి ఉంటుంది, చీటీతో ఏం మాట్లాడతాం? చాక్‌పీసుతో రాసిన ధర కనబడేసరికి, ఇది మాటకి లొంగే ధర అనిపించింది.

అందుకున్నాను. నా ఇంగ్లీషు అప్పటికి బాగానే తిరుగుతోంది. ఏటేటా ఇలా పెంచితే మాలాంటి వాళ్లం ఎక్కడికి పోతామన్నాను. రెండు పెట్టెలతో ఈ దేశం వచ్చామన్నాను. పసిపిల్ల ఉంది, ఒక్కో డాలరూ చూసి చూసి ఖర్చు పెడతామన్నాను. ఆ చివరి మాటకి గొంతు కూడా కాస్త తగ్గించాను. మా ఆయన తన బూట్ల వంక చూసుకుంటూ నిలబడ్డాడు. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఉంది.

ఇప్పుడు ఆమె వంతు. కరెంటు బిల్లనో, మోకాళ్ల నొప్పనో ఆమె మొదలుపెట్టాలి. మొదలుపెట్టలేదు. నా వంకా అమ్మాయి వంకా చూసింది. జుట్టులోంచి పెన్సిలు తీసి పుస్తకంలో నాలుగు అని రాసింది. "మీరెప్పుడొచ్చినా ఇంతే" అంది.

ఇంత తొందరగా దిగిపోయిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. కొంచెం చప్పగా అనిపించిన మాట నిజమే గానీ, గెలుపు గెలుపే. బండి దగ్గరికి వస్తుంటే అమ్మాయి అడిగింది.

"మామ్, మనం పూర్ ఆ?"

"కాదమ్మా, ఊరికే అన్నాను."

"అంటే లై చేశావా?"

"లై కాదు. బేరం."

అది దానికి ఎక్కలేదు. తర్వాత చెబుతాలే అన్నాను గానీ, ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున బండి తలుపు తీస్తే మెట్టు మీద కాగితం సంచీ ఉంది. మొక్కజొన్న పొత్తులు, టొమాటోలు, ఒక సీసాలో జామ్. ఎవరు పెట్టారో తెలుస్తూనే ఉంది, ఆమె పెరట్లో మొక్కజొన్న అందరికీ కనిపించేదే. నేను మురిసిపోయి, చూశారా, వీళ్లలో కూడా కొసరు వేసే అలవాటుందండీ అన్నాను మా ఆయనతో. ఆయన మాత్రం టొమాటో పచ్చడి రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఇంటికి తిరిగొచ్చాక చెప్పుకోవడంలో నాకు నేనే సాటి. మా తెలుగు వాళ్లం నెలకోసారి ఎవరో ఒకరింట్లో కలిసి భోంచేసేవాళ్లం. అమెరికాలో బేరం కుదరదన్న వాళ్లకి నా కథ వినిపించాను. గొంతు ఎక్కడ తగ్గించాలో కూడా చేసి చూపించాను. అందరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వుల్లోంచి రెండు కుటుంబాలు మోటర్‌హోమ్‌లు కొన్నాయి. ఒకాయన డాక్టరు, ఇంకొకాయన బ్యాంకులో పని చేసేవాడు. ఎనభై ఒకటిలో మూడు బళ్లూ కలిసి సెప్టెంబర్లో లేబర్ డే సెలవులకి వెళ్లాం. నేను నేర్పిన పాఠం వాళ్లూ అప్పజెప్పారు. డాక్టరుగారు ఏం చేస్తుంటారని ఆమె అడిగితే, ఆస్పత్రిలో పని అన్నాడట. ఏం పని అని ఆమె అడగలేదట. దాని మీద కూడా మేం చాలా నవ్వుకున్నాం.

అప్పటికి బల్ల మీద ఆరున్నర ఉంది. మాకు నాలుగే. ఆ మరుసటి ఏడు ఏడున్నర, ఆ తర్వాత తొమ్మిది. బల్ల పక్కన టైపు చేసిన కాగితం ఒకటి అంటించేది. కౌంటీ ఆఫీసు వాళ్లు మురుగు ట్యాంకు పాతదైపోయింది, కొత్తది వేయించమన్నారనీ, ఇన్సూరెన్సు పెరిగిందనీ, ఇష్టం లేకపోయినా పెంచాల్సి వస్తోందనీ, క్షమించమనీ. నేను ఆ కాగితం పూర్తిగా చదివాను. చదివి ఏమనుకున్నానో చెప్పడానికి ఇప్పటికీ నా నోరు రాదు. ఇన్నాళ్లకి ఆమె తన ఏడుపు మొదలుపెట్టింది అనుకున్నాను. దారిలో పడింది, నేర్చుకుంటోంది అనుకున్నాను.

మెట్టు మీద సంచీలు ఆగలేదు. గుడ్లు, యాపిల్స్, దుప్పటి. ఒకసారి అమ్మాయికి చలికోటు వచ్చింది. గులాబీ రంగుది, ఆమె మనవరాలిది, ఒక గుండీ మార్చి కుట్టి ఉంది. దాన్ని తీసి ఆ గుండీ తిప్పి చూశాను. ఎంత కొసరైనా కోటు కొసరు వెయ్యరు. ఆ సంగతి నాకు తెలియక కాదు. ఆ క్షణంలోనే గుండెల్లో రాయి పడింది. కానీ ఆ రాయిని నేను తీసి చూడలేదు. కోటు మడిచి సంచీలో పెట్టుకున్నాను. అమ్మాయి ఆ చలికాలమంతా దాన్నే వేసుకుంది.

ఇదంతా తెలియక చేశానని అనుకోవడం నాకు సుఖంగా ఉండేది. కోటు దాకా అయితే ఒప్పుకుంటాను. ఆ తర్వాత రెండేళ్లు మాత్రం తెలిసీ నాలుగే ఇచ్చాను.

అసలు సంగతి బయటపడ్డది ఎనభై నాలుగు లేబర్ డేకి. క్యాంప్‌గ్రౌండ్‌లో గిన్నెలు కడుక్కునే తొట్లు వరసగా ఉంటాయి. నేను కుక్కరు తోముకుంటున్నాను. పక్క తొట్టిలో ఒహాయో నుంచి ఏటా వచ్చే ఒకావిడ కాఫీ కప్పులు కడుగుతోంది. అప్పటిదాకా నన్ను చూసి నవ్వడమే గానీ ఎప్పుడూ పలకరించి ఎరగదు. ఆ రోజు కప్పులు పక్కన పెట్టి, అనకూడదు గానీ అంటున్నానని మొదలుపెట్టింది. ఈ చోటు ఇంకెన్నాళ్లు ఉంటుందో తెలియదట. ఫీజు పెరిగిందని పాతవాళ్లు సగం మంది రావడం మానేశారట. ట్యాంకు కోసం పెద్దావిడ వాగు అవతలి స్థలం అమ్మేసిందట. నిన్న తొమ్మిది డాలర్లూ ఇస్తామన్న మూడు బళ్లని ఖాళీ లేదని తిప్పి పంపించిందట, మా మూడు కుటుంబాలూ వస్తాయని చోట్లు ఉంచేసి.

"మీ ఉద్యోగాల గురించి మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగొద్దని మా అందరికీ చెప్పింది" అంది. "మీరు చిన్నబుచ్చుకుంటారని."

అప్పటికి నాకు అర్థమైంది, ఇన్నేళ్లుగా అక్కడ ఎవరూ మాతో రెండు మాటలకి మించి ఎందుకు మాట్లాడలేదో. వాళ్లకి పొగరనుకున్నాను. తల కొట్టేసినట్టయింది. ఆ కుక్కరు సగం తోమి వదిలేసి బండిలోకి వచ్చేశాను.

మా ఆయనకి చెప్పాను. ఆయన చదువుతున్న పేపరు మడిచాడు. ఆయనకి కోపం రావడం నేను మా సంసారంలో నాలుగైదు సార్లు చూసుంటాను, అందులో అదొకటి. కోపం వస్తే ఆయన గొంతు ఇంకా చిన్నదవుతుంది.

"వెళ్లి చెప్పు. నువ్వు మొదలుపెట్టావు, నువ్వే తేల్చు."

"మీరు కూడా రండి."

"అప్పుడు బూట్లు చూసుకుంటూ నిలబడ్డాను. ఇంకోసారి నిలబడలేను" అన్నాడు.

ఐదేళ్ల మీద ఎంత తేడా వస్తుందో వేళ్లు మడిచి లెక్క వేసి, పర్సులో ఉన్నదీ, ఆయన జేబులో ఉన్నదీ కలిపి కవర్లో పెట్టుకుని వెళ్లాను. మధ్యాహ్నం పూట. ఆమె ఆఫీసు గదిలో కిటికీ జాలీకి మాసిక వేస్తోంది. నన్ను చూసి, మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచింది. ఏం కావాలి హనీ అని అడిగింది. నేను కవరు బల్ల మీద పెట్టి, దారంతా కూడబలుక్కున్న మాటలు చెప్పాను.

"మేం పేదవాళ్లం కాదు. మా ఆయన ఇంజనీరు, మాకు సొంత ఇల్లుంది. నేను ఆ రోజు అన్నది మా ఊళ్లో బేరమాడే పద్ధతి. అక్కడ అందరూ అలాగే అంటారు, ఎవరూ నమ్మరు. మీరు నమ్ముతారని నేననుకోలేదు."

ఆమె కవరు తెరవలేదు. నా ముఖంలోకి చాలాసేపు చూసింది. నా చీర వంక చూసింది. అది పాత వెంకటగిరి, అంచు దగ్గర నేనే చేసుకున్న రఫూ. కిటికీలోంచి మా బండి కనిపిస్తోంది, పదహారేళ్ల బండి, దాని పక్కన తాడు మీద మా బట్టలూ, గట్టు మీద బోర్లించిన పెరుగు డబ్బాలూ. ఐదేళ్లలో ఆమె ఆఫీసు గదిలో అమ్మే సరుకుల్లో మేం ఒక్క ఐసు సంచీ గానీ, ఒక్క కట్టెల మోపు గానీ కొన్న పాపాన పోలేదు. ఆమె కళ్లతో చూస్తే ఎవరిని నమ్మాలి, నన్నా, వీటినా?

"పనిచేస్తున్న మిల్లు మూసేసినప్పుడు మా ఆయన కూడా ఇలాగే తిరిగాడు" అంది. "మాకేం లోటు లేదని ఊరంతా చెప్పేవాడు. ఎవరైనా సాయం చేస్తే, మర్నాడు అప్పు చేసైనా తిరిగిచ్చేసేవాడు. ఆయనకి నేను చెప్పలేకపోయాను. నీకు చెబుతున్నాను. తీసుకోవడంలో సిగ్గు లేదు."

కవరు నా చేతిలో పెట్టి, నా వేళ్లు మూసింది. ఆమె అరచెయ్యి గరుగ్గా ఉంది. కాదండీ, నిజంగానే అన్నాను. తెలుసులే అంది. ఇంకోసారి కాదన్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి చూసి నేను ఆగిపోయాను.

ఆగిపోయాను అంటే ఆమె మీద జాలితో ఆగిపోయానని కాదు. అర్ధణా వంకాయల కోసం పావుగంట వాదించగలిగిన నోరు నాది. ఇంటి కాగితాలు తెచ్చి చూపించొచ్చు, మా ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కురావొచ్చు, కవరు బల్ల మీద వదిలేసి పరుగెత్తొచ్చు. రెండు సార్లు అన్నాను, మూడోసారి అనలేదు. మూసిన వేళ్లలో డబ్బు అలాగే ఉండిపోయింది. లోపల ఒక మూల హమ్మయ్య అనిపించింది కూడా. మిగతాదంతా ఎవరైనా క్షమిస్తారేమో గానీ, ఆ హమ్మయ్యని నేనే క్షమించుకోలేదు.

బండిలోకి వచ్చి ఆవిడ నమ్మలేదండీ అన్నాను. మా ఆయన నా చేతిలోని కవరు చూసి, మళ్లీ పేపరు విప్పుకున్నాడు. మిగిలిన రెండు కుటుంబాలకీ ఇక పూర్తి ఫీజు ఇద్దామని చెప్పాను. ఆవిడే వద్దంటుంటే మీకెందుకండీ అని డాక్టరుగారి భార్య నవ్వేసింది. నేను నేర్పిన నవ్వే అది, ఏమనగలను?

ఆ చలికాలం చెక్కు రాసి పంపిద్దామని రెండు మూడు సార్లు అనుకున్నాను. అనుకోవడంతోనే చలికాలం అయిపోయింది.

ఏప్రిల్‌లో ఆమె దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. టైపు చేసింది కాదు, పెన్సిలుతో రాసింది. క్యాంప్‌గ్రౌండ్ అమ్మేశానంది. ఇంకా పెంచితే ఎవరూ రారు, పెంచకపోతే గడవదు, కూతురింటికి వెళ్లిపోతున్నానంది. బాధపడుతున్నట్టు ఎక్కడా లేదు. ఆ తర్వాత రాసింది మా గురించి. మీ మూడు కుటుంబాలూ ఎక్కడికి వెళ్తాయా అని నాకు బెంగగా ఉంది అని రాసింది. పన్నెండు మైళ్ల అవతల తనకు తెలిసినాయనదే ఇంకో క్యాంప్‌గ్రౌండ్ ఉందట. అక్కడ రాత్రికి పదకొండు డాలర్లు. ఆయన్ని మా కోసం వెళ్లి అడిగిందట. మొదటిసారి కుదరదన్నాడట. రెండోసారి వెళ్లి, వాళ్లకి చిన్నపిల్ల ఉంది, ఒక్కో డాలరూ చూసి చూసి ఖర్చు పెడతారు అని చెప్పిందట. అయినా ఆయన తేల్చకపోతే, తన క్యాంప్‌గ్రౌండ్‌లో ఉన్న భోజనాల చెక్క బల్లలు పద్దెనిమిదీ ఊరికే ఇచ్చేస్తానందట. అవి భర్త తన చేతులతో చేసినవనీ, బాగానే ఉన్నాయనీ రాసింది. దాంతో ఆయన ఒప్పుకున్నాడట. లేబర్ డేకి మూడు చోట్లు, రాత్రికి నాలుగు డాలర్లు. వెళ్లి నా పేరు చెప్పండి, ఆయనేమీ అడగడు, మొహమాటపడొద్దు అని రాసింది.

నేను వంటింట్లో నిలబడే ఆ ఉత్తరం చదివాను. జన్మలో బేరం చేసి ఎరగని మనిషి, నా మాటల్నే నా కోసం పట్టుకెళ్లి బేరం చేసి వచ్చింది. ఉన్నవన్నీ ఇచ్చి చేసింది.

జవాబు రాయడానికి వారం పట్టింది. నిజం రాద్దామంటే, ఆ బల్లలు ఇచ్చేశాక ఇప్పుడు నిజం ఆమెకెందుకు? రాయకుండా ఊరుకుందామంటే, ఉత్తరం అందలేదేమోనని మళ్లీ బెంగపెట్టుకుంటుంది. నాలుగు కాగితాలు చింపాను. చివరికి చాలా థాంక్స్ అనీ, మీ మేలు మరచిపోమనీ రెండు ముక్కలు రాసి పోస్టులో వేశాను. పేదవాళ్లు రాసినట్టే ఉంది అది.

మేం ఆ కొత్త చోటికి వెళ్లలేదు. ఆ వేసవిలోనే బండి అమ్మేశాం. లేబర్ డేకి ఆయన మూడు చోట్లూ మా కోసం ఖాళీగా ఉంచాడో లేదో నాకు తెలియదు. బల్లలు మాత్రం తీసుకెళ్లే ఉంటాడు.